పచ్చచుక్క చెప్పని సంగతి

శ్రీకాకుళం జిల్లా వజ్రపుకొత్తూరు మండలంలో సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి హెల్త్ క్లినిక్ అనుకోండి. ఊరి పేరుతో పనిలేదు. ఇచ్ఛాపురం నుంచి టెక్కలి దాకా ఈ తీరంలో ఎక్కడైనా ఇలాగే ఉంటుంది. కిటికీ, కిటికీ అవతల కొబ్బరితోట, ఇవతల ఒక బల్ల, బల్ల మీద ల్యాప్‌టాప్. దాని ముందు డెబ్భైకి దగ్గరపడ్డ మామ్మ. పక్కన నిలబడ్డ అమ్మాయిని కాగితాల మీద ఎంఎల్‌హెచ్‌పీ (మిడ్ లెవెల్ హెల్త్ ప్రొవైడర్) అంటారు, ఊళ్లో అందరికీ సిస్టరమ్మే. తెర మీద డాక్టరు ముఖం వచ్చింది. పెదవులు కదులుతున్నాయి.

"బాబు కనబడతన్నాడు గానీ మాట ఇనబడ్డం నేదమ్మా" అంది మామ్మ.

సరిగ్గా అదే క్షణంలో ఎక్కడో ఇంకో ఊళ్లో, ఇంకో గదిలో, ఇంకో తెర వెలుగుతూ ఉంటుంది. ఇలాంటి క్లినిక్‌ల పేర్లన్నీ వరసగా ఉన్న తెర అది. ఈ ఊరి పేరు పక్కన పచ్చచుక్క, దాని కింద 'కనెక్ట్ అయింది' అన్న మాట. అబద్ధమేమీ లేదు. కనెక్ట్ అయిన మాట నిజమే, మామ్మకి ఏమీ వినపడని మాటా నిజమే. రెండు నిజాలూ ఒకే తెరలో ఎలా ఇముడుతున్నాయో చూడాలంటే లోపలి యంత్రాన్ని కాస్త విప్పాలి.

ముందు ఆ తెర పేరు సంగతి. గుర్రబ్బండ్ల రోజుల్లో గిట్టలు చిమ్మే బురద బండి తోలేవాడి మీద పడకుండా ముందు అడ్డంగా ఒక చెక్క కొట్టేవారు. దాన్ని డాష్‌బోర్డు అనేవారు. కార్లు వచ్చాక ఆ చెక్క ఉన్నచోటే ముళ్లూ మీటర్లూ బిగించారు, పేరు మాత్రం అదే ఉండిపోయింది. ఇప్పుడది కంప్యూటరు ఎక్కింది. పాత అర్థం పూర్తిగా పోలేదని నా అనుమానం. నడిపేవాడి మీద బురద పడకుండా కాపాడే పని దానికి ఇప్పటికీ కొంత ఉంది.

ఉద్దానం అని పిలిచే ఈ తీరంలో తెరకు ఇంత ప్రాధాన్యం ఎందుకంటే, ఇక్కడ డాక్టరు దూరం. ఉద్యానవనం అన్న మాటే ఉద్దానం అయిందంటారు. కొబ్బరి, జీడిమామిడి, పనస తోటల మధ్య ఊళ్లు. ఆ ఊళ్లలోనే కారణం ఇంకా తేలని కిడ్నీ జబ్బు. డయాలసిస్ మొదలైతే సాధారణంగా వారానికి మూడుసార్లు, సారికి నాలుగు గంటలు. పలాసలో 200 పడకల సూపర్ స్పెషాలిటీ ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమైంది 2023 డిసెంబరు 14న. దానికి ముందు పెద్ద డాక్టరు అంటే విశాఖపట్నమే, దాదాపు 200 కిలోమీటర్లు. ఒక్క ప్రశ్న అడగడానికి ఒక రోజు కూలి, రైలు ఛార్జీ, తోడు వచ్చేవాళ్ల కూలి.

ఆ ప్రశ్నను మనిషికి బదులు తీగ మీద పంపుదామన్న ఆలోచనే ఈ-సంజీవని. మొహాలీలోని సీ-డాక్ దీన్ని తయారుచేసింది. 2019 నవంబరులో దీన్ని అందరికంటే ముందు మొదలుపెట్టిన రాష్ట్రం ఆంధ్రప్రదేశ్. బండిచక్రం లాంటి ఏర్పాటు ఇది. మధ్యలో కుండలాగా డాక్టర్లుండే హబ్, చుట్టూ ఆకుల్లాగా ఊరి క్లినిక్‌లు. మరుసటి ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ మధ్యలో, ఇంటి నుంచే డాక్టరుతో మాట్లాడే రెండో దారి కూడా తెరిచారు. దేశం మొత్తం మీద సంప్రదింపులు 10 కోట్లు దాటింది 2023 ఫిబ్రవరిలో. అందులో 3 కోట్లకు పైగా ఆంధ్రప్రదేశ్‌వే.

ఇకమీద చెప్పేది ఈ ఒక్క వేదిక గురించే అనుకోకండి. జూమ్, గూగుల్ మీట్, జిట్సీ, ఆసుపత్రుల కోసం కట్టినవి, కలెక్టరాఫీసు వీడియో కాన్ఫరెన్సు అన్నీ ఒకే జాతి యంత్రాలు.

ల్యాప్‌టాప్ కెమెరా తీసే మామూలు బొమ్మలో అడ్డంగా 1280, నిలువుగా 720 చుక్కలుంటాయి. మొత్తం 9,21,600. ఒక్కో చుక్క రంగు రాయడానికి 24 బిట్లు, సెకనుకు 30 బొమ్మలు. గుణిస్తే సెకనుకు 66 కోట్ల బిట్లకు పైన. ఆ క్లినిక్ నుంచి బయటికి పోయే దారిలో మన వాటాకి 10, 15 లక్షల బిట్లు దొరికితే అదృష్టం. అంటే సుమారు 500 బస్తాల సరుకులో ఒక్క బస్తా మాత్రమే బండెక్కుతుంది. ఏ బస్తా?

పలాస-కాశీబుగ్గ జీడి కార్ఖానాల్లో గ్రేడింగు చూసినవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పప్పు పొట్టు తీశాక ఆడవాళ్లు బల్లల ముందు కూర్చుని గుండు ఒకపక్క, బద్ద ఒకపక్క, ముక్క ఒకపక్క వేరుచేస్తారు. గుండులో మళ్లీ సైజులు. 320 రకం అంటే పౌను బరువుకి 300 నుంచి 320 గుండ్లు తూగేది, 240 అంటే అంతకంటే లావు గింజ. వీడియోను కుదించే సాఫ్ట్‌వేరు కూడా గ్రేడింగు పనే చేస్తుంది, సెకనుకు ముప్ఫైసార్లు. బొమ్మను చిన్నచిన్న గళ్లుగా కోసి, ఇంతకుముందు బొమ్మలో అదే గడి ఎలా ఉందో చూస్తుంది. మారకపోతే 'ముందటిదే' అని ఒక్క మాట పంపి ఊరుకుంటుంది. పక్కకి జరిగితే 'ఇంత జరిగింది' అంటుంది. నిజంగా కొత్తదైతేనే కొత్తగా గీసి పంపుతుంది, అదీ కంటికి ఆనని సన్నటి గీతల్ని వదిలేసి.

కాబట్టి సున్నం వేసిన గోడకి ఖర్చు దాదాపు ఉండదు. కొబ్బరాకుకి చాలా ఖర్చు. మామ్మ వెనక కిటికీలో సముద్రపు గాలికి ఊగే తోట మనకి అందంగా ఉంటుంది కానీ సాఫ్ట్‌వేరుకి అది పీడ. ఒక్కో ఆకూ ఒక్కో దిక్కుకి కదులుతుంది, ఏ గడీ 'ముందటిదే' కాదు. ఉన్న బిట్లలో ఎక్కువ భాగం తోట తినేస్తే మామ్మ ముఖానికి మిగిలేది తక్కువ. తిరిగే ఫ్యానుదీ అదే కథ. బల్లను తిప్పి మామ్మను గోడ ముందు కూర్చోబెడితే చాలు, ఒక్క రూపాయి ఖర్చు లేకుండా లైను బాగుపడ్డట్టే. ఈ చిట్కా ఏ డాష్‌బోర్డు మీదా మీటగా ఉండదు.

ఇక మాట. మనిషి గొంతు బొమ్మతో పోలిస్తే చాలా చవక. 2012లో ప్రమాణంగా స్థిరపడిన ఓపస్ అనే పద్ధతిలో సెకనుకు 30 వేల బిట్లుంటే మాట శుభ్రంగా వినపడుతుంది. బొమ్మకి 15 లక్షలు, మాటకి 30 వేలు. యాభైలో ఒక వంతు. మరి అంత చవకది ఎందుకు ముందు పోయింది?

రెండు కారణాలు. మొదటిది చెప్పడానికి సిగ్గుపడేంత చిన్నది. చాలాసార్లు తప్పు దారిలో ఉండదు, మైకులోనో స్పీకరులోనో ఉంటుంది. హెడ్‌ఫోను పీకేసినా శబ్దం ఇంకా అటే పోతూ ఉంటుంది, లేదా అవతల డాక్టరు మ్యూట్‌లో ఉంటాడు. రెండోది కొంచెం లోతైనది. మాటను 20 మిల్లీసెకన్ల ముక్కలుగా కోసి, సెకనుకు యాభై పొట్లాలు కట్టి పంపుతారు. బొమ్మ పొట్లాలూ అదే దారిలో, అదే గుంపులో పోతాయి. దారిలో ఇరుకు వస్తే రౌటరు కొన్నిటిని పారేస్తుంది. ఏది మాటో ఏది కొబ్బరాకో దానికి తెలియదు, ముందే ఎవరైనా చెప్పి ఉంటే తప్ప.

పోయిన పొట్లాన్ని మళ్లీ పంపించుకోవచ్చు కదా అంటారా? ఉత్తరానికైతే అలాగే చేస్తారు. మాటకి కుదరదు. అర సెకను కిందటి ముక్క ఇప్పుడు వచ్చినా దాని చోటు దాటిపోయింది. అందుకే ప్రత్యక్ష సంభాషణలో సాధారణంగా పోయినదాన్ని పోనిచ్చి, ముందూ వెనకా ఉన్న ముక్కలతో ఆ సందును పూడుస్తారు. కొద్దిగా పోతే చెవి పట్టించుకోదు. ఎక్కువ పోతే మాట బొంగురుపోయి, తర్వాత ముక్కలై, చివరికి మాయమవుతుంది.

పొట్లాలు పోకపోయినా ఇంకో చిక్కుంది. పలాస కాంప్లెక్సు నుంచి ఇరవై నిమిషాలకొకటి చొప్పున టెక్కలికి బస్సులు వదిలారనుకోండి. టెక్కలిలో దిగేటప్పుడు అదే ఎడంతో దిగవు. రెండు ఒకదాని వెనక ఒకటి వస్తాయి, మూడోది నలభై నిమిషాలకి వస్తుంది. మాట పొట్లాలదీ అదే గతి, నిమిషాల బదులు మిల్లీసెకన్లు. ఈ ఒడిదుడుకునే జిట్టర్ అంటారు. దీనికి మందు అవతలి చివర ఒక చిన్న గోదాము. వచ్చినవాటిని కాసేపు ఆపి, సమానమైన ఎడంతో చెవికి వదులుతుంది. గోదాము పెద్దదైతే మాట నున్నగా వస్తుంది కానీ ఆలస్యంగా వస్తుంది. ఆలస్యం ఒక హద్దు దాటితే ఇద్దరూ ఒకేసారి మొదలుపెట్టి ఒకేసారి ఆగిపోతారు. అంతర్జాతీయ టెలికం సంఘం ఆ హద్దుని ఒకవైపుకి 150 మిల్లీసెకన్లుగా సూచించింది. గాజుతీగలో కాంతి సెకనుకు రమారమి 2 లక్షల కిలోమీటర్లు పోతుంది కాబట్టి, సర్వరు 1500 కిలోమీటర్ల అవతల ఉన్నా ప్రయాణానికి పట్టేది 8 మిల్లీసెకన్ల లోపే. మిగతా ఆలస్యమంతా కుదింపులో, క్యూల్లో, గోదాములో. దూరాన్ని తిట్టుకోవడం దండగ.

ఇద్దరికైతే సరే. జిల్లా కేంద్రం నుంచి 30 మండలాలతో ఒకేసారి మాట్లాడాలంటే? ప్రతి మండలమూ మిగతా 29కి నేరుగా బొమ్మ పంపితే 870 ప్రవాహాలు. ఏ మండలాఫీసు లైనూ 29 బొమ్మల్ని మోయలేదు. అందుకని మధ్యలో ఒక సర్వరుని పెడతారు. ప్రతివాళ్లూ తమ బొమ్మను దానికి పంపితే చాలు, అది మిగతావాళ్లకి పంచుతుంది. తెలివైన ఏర్పాటులో ఒక్కో ల్యాప్‌టాప్ తన బొమ్మను పెద్ద, మధ్య, చిన్న అని రెండు మూడు సైజుల్లో పంపుతుంది. మంచి దారి ఉన్న శ్రీకాకుళానికి పెద్దది, సన్నని దారి ఉన్న మందసకి చిన్నది. ఇది లేకపోతే అందరికంటే బలహీనమైన లైనుకి తగ్గట్టు అందరి బొమ్మా చిక్కిపోవాలి, లేదా ఆ బలహీనమైన లైను మునిగిపోవాలి. డాష్‌బోర్డు సెట్టింగుల్లో 'వీడియో నాణ్యత గరిష్ఠం' అన్న మీట కనపడితే సరదాకి కూడా నొక్కకూడదనడానికి కారణం ఇదే. హబ్‌లో కూర్చున్నవాళ్లకి తెర ముచ్చటగా ఉంటుంది. మునిగేది ఆకు చివర ఉన్న ఊరు.

తలుపులూ తాళాలూ చూసే పని కూడా డాష్‌బోర్డు నుంచే. ఎవరు సభను తెరవాలి, ఎవరు లోపలికి రావాలి, ఎవరి తెర పంచుకోవాలి, రికార్డు చేయాలా వద్దా. 2019 డిసెంబరులో రోజుకు కోటిమందిగా ఉన్న జూమ్ హాజరు 2020 ఏప్రిల్‌కి 30 కోట్లకు చేరినప్పుడు, తాళం వేయని సభల్లోకి ఎవరెవరో దూరి గోల చేశారు. ఆ ఏప్రిల్‌లోనే జూమ్ నిరీక్షణ గదినీ సంకేతపదాన్నీ చాలామందికి ముందే వేసి ఉంచింది. మన కేంద్ర హోంశాఖ ఏప్రిల్ 16న ఇచ్చిన హెచ్చరికలో కూడా సలహాలు అవే: గది పెట్టండి, అందరూ వచ్చాక తాళం వేయండి, రికార్డింగును కట్టడి చేయండి. వైద్యంలో ఇది ఇంకా సున్నితం. 2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం రోగి తనంతట తాను డాక్టరును పిలిస్తే సమ్మతి ఉన్నట్టే లెక్క. సిస్టరమ్మ కలిపితే నోరు తెరిచి అడగాలి. మామ్మ ఒంట్లో సంగతి పక్క బెంచీ మీద కూర్చున్న వీధివాళ్లకి వినపడకుండా చూడటం ఏ సంకేతపదమూ చేయలేని పని. దానికి తలుపు వేయాలి.

ఇక పచ్చచుక్క దగ్గరికి వద్దాం. కిడ్నీ గురించి ఉద్దానంలో చిన్నపిల్లలకి కూడా తెలిసిన అంకె ఒకటుంది, క్రియాటినిన్. రక్తపరీక్ష కాగితం చేతికి రాగానే అందరి కళ్లూ దాని మీదే పడతాయి. పెద్దవాళ్లలో మామూలుగా ఒకటికి అటూఇటూ ఉంటుంది. దీనితో పెద్ద చిక్కేమిటంటే, కిడ్నీల శక్తి సుమారు సగం పోయేదాకా ఈ అంకె పెద్దగా కదలదు. పైగా ఉద్దానపు జబ్బులో మూత్రంలో ప్రోటీను అంతగా పోదు, మొదట్లో ఒళ్లూ వాయదు. అంకె పచ్చగానే ఉంటుంది, లోపల సరుకు తరిగిపోతూ ఉంటుంది. అందుకే తెలిసిన డాక్టరు ఒక్క కాగితం చూసి ఊరుకోడు. కిందటేడుది ఎంత, ఆ ముందుది ఎంత, వయసెంత, బరువెంత అని అడుగుతాడు.

'కనెక్ట్ అయింది' కూడా క్రియాటినిన్ లాంటి అంకే. చిట్టచివర మారేది అదే. మాట పూర్తిగా ముక్కలైపోయాక కూడా కనెక్షను ఉంటుంది. నడిపేవాళ్లు చూడాల్సినవి దాని కింద దాగి ఉంటాయి: పొట్లాల్లో ఎన్ని పోతున్నాయి, ఒడిదుడుకు ఎంత, శబ్దం ఒకవైపే పోతోందా రెండువైపులా వస్తోందా. ఒకవైపే పోయే శబ్దాన్ని కనిపెట్టడం కష్టం కూడా కాదు. ఒక చివర నుంచి నిమిషంపాటు పూర్తి నిశ్శబ్దం వస్తుంటే అక్కడ మనుషులు లేరు, లేదా మైకు లేదు.

సగటు ఇంకో మాయ. ఊహకి ఒక లెక్క. ఇరవై క్లినిక్‌లు ఉన్నాయి. పద్దెనిమిదింట్లో నూటికి ఒక పొట్లం పోతోంది, రెండింట్లో నూటికి ఇరవై పోతున్నాయి. మొత్తం సగటు 2.9. మూడు లోపు కాబట్టి పైన పెద్ద పచ్చచుక్క. ఆ రెండు ఊళ్లలో మాత్రం ఎవరూ డాక్టరు మాట వినలేదు. వారం, నెల, ఏడాది సగటు తీసినా వాళ్లు కనపడరు. పట్టికను బాగున్నవాటి నుంచి కాకుండా బాగోలేనివాటి నుంచి పేర్చమని అడగండి. ఒక్క నొక్కుతో అయ్యే పని, అయినా ఎవరూ నొక్కరు.

సగటు కంటే నన్ను ఎక్కువ భయపెట్టేది క్యూ. పైఅధికారులకి నచ్చే అంకె 'డాక్టర్లు 95 శాతం సమయం పనిలో ఉన్నారు' అన్నది. వినడానికి బాగుంటుంది. టెలిఫోను ఎక్స్ఛేంజీల కోసం డెన్మార్కు గణితజ్ఞుడు ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన లెక్క దాని వెనక ఏముందో చెబుతుంది. ఒకే డాక్టరు ఉండి, రోగులు తమ వీలు కొద్దీ వస్తూ, ఒక్కొక్కరికి సగటున ఐదు నిమిషాలు పడుతూ, ఆ నిడివి కూడా మనిషికో రకంగా మారుతూ ఉంటే, డాక్టరు 80 శాతం పనిలో ఉన్నప్పుడు రోగి నిరీక్షణ సగటున 20 నిమిషాలు. 90 శాతమైతే 45. 95 శాతమైతే 95 నిమిషాలు. చివరి ఐదు శాతం పని పిండుకోవడానికి ఒక్కో మామ్మదీ అదనంగా యాభై నిమిషాల సమయం ఖర్చయింది. ఆ ఖర్చు డాక్టరు లెక్కలో పడదు, ఆసుపత్రి లెక్కలోనూ పడదు. జీడి కార్ఖానాలో సగం రోజు కూలి పోగొట్టుకుని తోడొచ్చిన కోడలి లెక్కలో పడుతుంది. విసిగి లేచిపోయినవాళ్లని చాలా తెరలు 'పూర్తికాని పిలుపు' అని ఒక మూల రాసి మరిచిపోతాయి. నేనైతే ఆ అంకెను అన్నిటికంటే పైన, పెద్ద అక్షరాల్లో పెడతాను.

ఇంకా ప్రమాదమైనది ఖాళీ. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాసకి దగ్గర్లో తీరం దాటింది. గాలి వేగం గంటకు 140, 150 కిలోమీటర్లు, విసురు 165. పాతికేళ్లు పెంచిన కొబ్బరిచెట్లు, జీడితోటలు పొద్దుటికల్లా నేల మీద ఉన్నాయి. కరెంటు స్తంభాలు వాటి మధ్యే. కరెంటు పోతే సెల్ టవరు కొన్ని గంటలు బ్యాటరీ మీద, డీజిలు ఉంటే ఇంకాసేపు బతుకుతుంది, తర్వాత మూగబోతుంది. అప్పుడు ఏ తెర మీదైనా ఆ ఊరు ఎలా కనపడుతుంది? ఫిర్యాదులు సున్నా. తెగిన పిలుపులు సున్నా. అసలు పిలుపే లేదు కాబట్టి తెగేదీ లేదు. సున్నాకీ ఖాళీకీ తేడా చూపని డాష్‌బోర్డు, అందరికంటే ఎక్కువ దెబ్బతిన్న ఊరిని అందరికంటే ప్రశాంతమైన ఊరిగా చూపిస్తుంది. ఇప్పటికీ చాలావాటిలో ఆదివారం మూసిన క్లినిక్కూ, తీగ తెగిన క్లినిక్కూ ఒకే బూడిదరంగు. వాటిని విడదీసే సాధనం మనుషుల దగ్గరే ఉంది: ఒక ఫోను నంబరు, ఆ నంబరుకి ఫోను చేసే ఓపిక.

మన మామ్మ ఇంకా కూర్చునే ఉంది. సిస్టరమ్మ ముందు తన స్పీకరు చూసింది, బాగానే ఉంది. బల్లను గోడవైపు తిప్పింది. మాట వచ్చింది కానీ ముక్కలు ముక్కలుగా.

"సార్, బొమ్మ కట్టేయనా?" అని చాట్‌లో రాసింది.

డాక్టరు ఒక్క నిమిషం ఆగమన్నాడు. బొమ్మకి కూడా పని ఉంది. ముఖం పాలిపోయిందా, ఆయాసపడుతోందా, మాట్లాడేది ఆమేనా అన్నవి చూడాలి. కొన్ని మందులు మొదటిసారి రాయాలంటే వీడియోలో చూసి తీరాలని మార్గదర్శకాలే చెబుతున్నాయి. కెమెరాను పాదాల వైపు వంచమన్నాడు. సిస్టరమ్మ మామ్మ కాలి ఎముక మీద వేలితో నొక్కి పట్టుకుని వదిలింది. గుంట పడలేదు. నొక్కే వేలు తీగ మీద పోదు కాబట్టే ఆ చివర సిస్టరమ్మ ఉండాలి.

"ఇప్పుడు కట్టేయండమ్మా."

రెండువైపులా బొమ్మలు నల్లబడ్డాయి. దారి మొత్తం గొంతుకి దొరికింది.

"మామ్మా, మోకాళ్ల నొప్పులకి షాపులో మాత్రలు కొనుక్కుంటున్నావా?"

"కొంతన్నాను బాబూ. రోజూ ఒకటి. అదేస్తేగానీ లెగలేను."

ఆ మాత్రలు కిడ్నీకి ఎందుకు మంచివి కావో, బదులు ఏం వేసుకోవాలో, క్రియాటినిన్ మళ్లీ ఎప్పుడు చూపించుకోవాలో డాక్టరు నాలుగు నిమిషాలు చెప్పాడు. మామ్మ ప్రతి మాటకీ ఊఁ కొట్టింది. డాష్‌బోర్డు మీద ఆ ఊరి పక్కన పచ్చచుక్క పోయి పసుపుచుక్క వచ్చింది. దాని కింద 'వీడియో లేదు, నాణ్యత తక్కువ' అని ఉంది.